రాతి దుమ్ముకు కొత్త పరిమితి రాయబోతున్న అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు,

నమస్కారం. వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అనే కొత్త కార్మిక చట్టం 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఫ్యాక్టరీ గాలిలో ఏ విష పదార్థం ఎంతవరకు ఉండొచ్చో ఇకమీదట రాష్ట్ర ప్రభుత్వమే తన నియమాల్లో నిర్ణయించాలని అందులో ఉంది. అంటే ఆ అంకె ఢిల్లీలో కాదు, మీ బల్ల మీద తయారవుతుంది. అందుకే ఈ లేఖ మీకు రాస్తున్నాను.

నేను 17 ఏళ్లు రాయి కోసే మిషన్ మీద పనిచేశాను. ఇప్పుడు మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుంది కాబట్టి ఆ పని మానేసి మార్కాపురం ప్రాంతంలో చిన్న జిరాక్స్ షాపు నడుపుకుంటున్నాను. దుమ్ము గురించి మేము కొందరం కలిసి ఇప్పటికి మూడుసార్లు అర్జీ ఇచ్చాం. మొదటిసారి రసీదు ఇచ్చారు. రెండోసారి "మీ సమస్య పరిష్కరించబడింది" అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఎవరూ వచ్చింది లేదు, చూసింది లేదు. మూడోసారి ఇచ్చిన అర్జీకి ఆ మెసేజ్ కూడా రాలేదు. ఆ కార్యాలయం పేరు ఇక్కడ రాయను. ఒక గుమస్తా మీద కోపం తీర్చుకోవడానికి కాదు ఈ లేఖ. అడగాల్సిన చోట అడుగుదామని రాస్తున్నాను.

మీలో చాలామంది పలక మీదే అక్షరాలు దిద్ది ఉంటారు. ఆ పలకల్లో చాలావాటి పుట్టిల్లు మా మార్కాపురం. పలక రాయి పొరలు పొరలుగా విడిపోతుంది. దాన్ని చీల్చి, కోసి, అరగదీసి, చెక్క చట్రం బిగిస్తే పిల్లవాడి చేతికి పలక వస్తుంది. కోసేటప్పుడు, అరగదీసేటప్పుడు లేచే దుమ్ము మాత్రం పనివాడికి మిగులుతుంది. మా నాయన ఆ పనే చేశాడు. ఇప్పుడు పలకలు వాడేవాళ్లు తగ్గారు. అదే రాయి టైల్స్‌గా మారి దేశాలు దాటి గోడలకెక్కుతోంది. సరుకు మారింది గానీ దుమ్ము మారలేదు.

నాయనకు మొదట దగ్గు, తర్వాత బరువు తగ్గడం, ఆ తర్వాత ఆయాసం. ఆసుపత్రిలో టీబీ అన్నారు. ఆరు నెలల కోర్సు వాడాడు. రెండేళ్లకు మళ్లీ టీబీ అన్నారు, మళ్లీ కోర్సు. మూడోసారీ అదే. నాయన 52 ఏళ్లకు పోయాడు. ఆయన కాగితాలన్నీ నా దగ్గర ఉన్నాయి. ఒక్కదాంట్లో కూడా "ఏం పని చేస్తావు?" అని అడిగిన జాడ లేదు. నా వంతు వచ్చినప్పుడు, ఛాతీ ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసిన ఒక డాక్టరమ్మ మందు చీటీ రాసేముందు ఆ ప్రశ్న అడిగింది. రాయి కోస్తానని చెప్పాను. "ఎన్నేళ్లు?" అంది. అప్పుడు మొదటిసారి సిలికోసిస్ అన్న మాట విన్నాను. మా ఇంట్లో ఆ జబ్బు రెండు తరాలుగా ఉంది, పేరు మాత్రం ఆ రోజు తెలిసింది.

జబ్బు సంగతి మీకు తెలిసే ఉంటుంది, చదివేవాళ్ల కోసం రెండు మాటలు. రాతిలో ఉండే క్వార్ట్జ్‌నే స్ఫటిక సిలికా అంటారు. కోసినప్పుడు లేచే పొడిలో మనకు కనబడేది ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. కంటికి కనబడనంత సన్నటిది ఊపిరితిత్తుల అడుగుదాకా పోయి అక్కడ గుచ్చుకుంటుంది. దాని చుట్టూ మచ్చ కడుతుంది. మచ్చ మీద మచ్చ కట్టి, మెత్తగా ఉండాల్సిన ఊపిరితిత్తి గట్టిపడుతుంది. దీనికి మందు లేదు. పని మానేసినా కొందరిలో ముదురుతూనే ఉంటుంది. సిలికా చేరిన ఊపిరితిత్తికి టీబీ సులువుగా పడుతుంది కాబట్టి, మా నాయనకు చెప్పిన టీబీ అబద్ధం కాకపోవచ్చు. కానీ అది సగం నిజం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1997లో ఈ దుమ్మును మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి జాబితాలో చేర్చింది.

ఇక పరిమితి దగ్గరికి వస్తాను.

భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర పనుల మీద కొత్త అధ్యాయం చేర్చారు. దానితోపాటే గాలిలో ఉండదగిన రసాయనాల పట్టిక ఒకటి వచ్చింది, రెండో షెడ్యూలు. మిగతా రసాయనాలకు నేరుగా అంకె ఉంది. సిలికాకు వచ్చేసరికి ఒక సూత్రం ఉంది. ఊపిరితిత్తుల లోపలికి పోయే సన్నటి దుమ్ములో క్వార్ట్జ్ ఎంత శాతమో చూసి, దానికి 2 కలిపి, 10ని ఆ మొత్తంతో భాగించాలి. వచ్చేది ఒక ఘనపు మీటరు గాలిలో ఉండదగిన దుమ్ము, మిల్లీగ్రాముల్లో. మొత్తం దుమ్ముకైతే ఇంకో సూత్రం, రేణువుల లెక్కకు మరొకటి. షాపులో ఎవరో ఈ పేజీ జిరాక్స్‌కి తెస్తే నేనూ ఒక కాపీ తీసుకుని, మా అబ్బాయి క్యాలిక్యులేటర్ ముందేసుకుని కూర్చున్నాను.

గ్రానైట్ దుమ్ములో 30 శాతం క్వార్ట్జ్ ఉందనుకుందాం. 10ని 32తో భాగిస్తే సుమారు 0.31 మిల్లీగ్రాముల దుమ్ము. అందులో 30 శాతం సిలికా అంటే 0.09 పైచిలుకు. అదే దాదాపు పూర్తి క్వార్ట్జ్, 98 శాతం అనుకోండి. 10ని 100తో భాగిస్తే 0.1 మిల్లీగ్రాము, దాదాపు అంతా సిలికాయే. ఎటు తిప్పినా మన పట్టిక ఒప్పుకునేది ఘనపు మీటరుకు ఇంచుమించు 0.1 మిల్లీగ్రాము సిలికా.

ఈ సూత్రం ఒకప్పుడు అమెరికాలోనూ ఉండేది. అక్కడి వృత్తి ఆరోగ్య పరిశోధనా సంస్థ 1974లోనే 0.05 చాలు, అంతకు మించొద్దని సిఫారసు చేసింది. దాన్ని చట్టంగా మార్చడానికి వాళ్లకు 42 ఏళ్లు పట్టింది. 2016లో పాత సూత్రం తీసేసి 0.05 అని ఒకే అంకె పెట్టారు. 0.025 దాటితే చాలు, గాలి కొలవాలని, దాటిన చోట పనివాళ్లకు ఆరోగ్య పరీక్షలు చేయాలని కూడా రాశారు. దీనివల్ల ఏటా 600కి పైగా ప్రాణాలు నిలుస్తాయని వాళ్ల ప్రభుత్వమే అంచనా వేసింది. ఆస్ట్రేలియా 2020లో 0.05కి దిగింది. అక్కడితో ఆగకుండా, వంటింటి ప్లాట్‌ఫాంలకు వాడే కృత్రిమ క్వార్ట్జ్ రాయిని 2024 జూలై 1 నుంచి నిషేధించింది. పరిశ్రమల ఆరోగ్య నిపుణుల అమెరికన్ సంఘం అయితే 0.025 దాటకూడదంటోంది. అంటే మన అంకె ఒకరి దానికి రెట్టింపు, మరొకరి దానికి నాలుగు రెట్లు. ఒంగోలు వాడి ఊపిరితిత్తి అమెరికాలోని ఒహాయో వాడి దానికంటే గట్టిదని ఏ డాక్టరూ చెప్పలేదు.

0.1 మిల్లీగ్రాము అంటే ఏముందిలే అనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఒళ్లొంచి పనిచేసే మనిషి ఎనిమిది గంటల్లో సుమారు 10 ఘనపు మీటర్ల గాలి పీలుస్తాడని లెక్క. అంటే షిఫ్టుకు ఒక మిల్లీగ్రాము సిలికా. ఏడాదికి 300 రోజులు, 20 ఏళ్లు. మొత్తం 6 గ్రాములు. ఇంట్లో టీ చెంచా తీసుకుని ఉప్పు నింపండి, ఇంచుమించు అంత బరువు. పీల్చిందంతా లోపలే ఉండదు, చాలా భాగం బయటికొస్తుంది, నిజమే. కానీ చట్టం దాటకుండా, ఏ యజమానీ ఏ తప్పూ చేయకుండా మా ముక్కుల్లోంచి పోయే లెక్క ఇది. చట్టం దాటిన చోట ఎంతో నేను చెప్పలేను. ఎందుకంటే నా 17 ఏళ్లలో నేను పనిచేసిన ఏ షెడ్డులోనూ గాలి కొలిచిన మనిషిని చూడలేదు.

ఈ అంకె, దాన్ని కొలవకపోవడం మా ఇళ్లలో ఎలా పనిచేస్తాయో వరసగా చెబుతాను.

1. పరిమితి ఎనిమిది గంటల సగటు మీద లెక్క. మా షెడ్లలో షిఫ్టు 12 గంటలు. పీల్చే గాలి ఒకటిన్నర రెట్లు, ఊపిరితిత్తి తేరుకునే టైమ్ తక్కువ. చట్టబద్ధంగానే చూసినా, 2025లో మన రాష్ట్రం ఫ్యాక్టరీల్లో రోజు పనిని 9 గంటల నుంచి 10కి పెంచాలని నిర్ణయించింది. గంటలు పెరిగినప్పుడు దుమ్ము అంకె ఆ మేరకు తగ్గాలి కదా? ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

2. సాయంత్రం పని అయ్యాక ఏం చేస్తామో మీకు ఎవరూ చెప్పి ఉండరు. కంప్రెసర్ పైపు తీసుకుని ఒకరి ఒంటి మీద ఒకరం గాలి కొట్టుకుంటాం. బట్టల మీది పొడి అంతా రేగి, మిగిలిన కాస్త శుభ్రమైన గాలీ తెల్లబడుతుంది. చల్లగా ఉంటుంది, కుర్రవాళ్లకు సరదా కూడా. నేనూ ఆ సరదా చేశాను. చీపురుతో పొడి ఊడ్చడం దీని తమ్ముడు. ఇంటికెళ్లాక ఆ బట్టలు దులిపి ఉతికేది మా ఆవిడ. ఆమె ఏ రిజిస్టర్‌లోనూ కార్మికురాలు కాదు.

3. మాస్కు ఇచ్చామని యజమానులు అంటారు. ఇచ్చేది గుడ్డ మాస్కు, లేదా మన తువ్వాలు మనమే కట్టుకోవాలి. ఊపిరితిత్తిని చేరే రేణువుకు తువ్వాలు ఒక కిటికీ లాంటిది. మంచి మాస్కు ఇచ్చినా, మే నెలలో రేకుల షెడ్డు కింద, నలభై దాటిన ఎండలో ఎనిమిది గంటలు ముక్కు మూసుకుని బండ మోయడం ఎలా ఉంటుందో నియమాలు రాసేవాళ్లు ఒక్క పూట ప్రయత్నించి చూడాలి. దుమ్మును మిషన్ దగ్గరే ఆపాలి, ముక్కు దగ్గర కాదు.

4. వయసు. కొత్త కోడ్ గురించి చెప్పుకున్న గొప్పల్లో 40 ఏళ్లు దాటిన కార్మికులకు ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష ఒకటి. సంతోషమే. కానీ మావాళ్లు పద్దెనిమిదికే మిషన్ ఎక్కుతారు. దుమ్ము ఎక్కువున్న చోట ఈ జబ్బు ఐదు నుంచి పదేళ్లలో వస్తుంది, మరీ ఎక్కువైతే ఇంకా ముందే. నలభైకి పరీక్ష చేస్తే జబ్బు ఉందని తెలుస్తుంది. ఆపడానికి మాత్రం పనికిరాదు.

5. లెక్కలోకి రాని షెడ్లు. పాత చట్టంలో కరెంటుతో నడిచే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ. కొత్త కోడ్‌లో అది 20 అయింది. కరెంటు లేని చోట 20 నుంచి 40కి పెరిగింది. మా వైపు కోత షెడ్లలో చాలావాటిలో ఎనిమిది మంది, పన్నెండు మంది ఉంటారు. నిన్నటిదాకా చట్టం లోపల ఉన్న పన్నెండు మంది షెడ్డు, ఒక్క ఇటుక కదలకుండానే ఫ్యాక్టరీ కాకుండా పోయింది. పరిమితి ఏమో ఫ్యాక్టరీలకు.

6. మా బావమరిది హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లలో కిచెన్ ప్లాట్‌ఫాంలు బిగిస్తాడు. తలుపులు వేసిన వంటింట్లో, చేతి కట్టర్‌తో, చుక్క నీళ్లు లేకుండా రాయి కోస్తాడు. ఇప్పుడు ఇళ్లవాళ్లు మెరిసే కృత్రిమ క్వార్ట్జ్ అడుగుతున్నారు. గ్రానైట్‌లో సిలికా మూడో వంతు ఉంటే దీంట్లో తొంభై శాతం దాకా ఉంటుంది. ఆస్ట్రేలియాలో నిషేధించింది ఈ రాయినే. గృహప్రవేశం రోజున పాలు పొంగించే గట్టు కింద వాడి దగ్గు ఉంటుంది. ఆ ఇల్లు ఫ్యాక్టరీ కాదు కాబట్టి అక్కడ ఏ పరిమితీ లేదు.

7. పేరు లేని జబ్బుకు పరిహారం లేదు. సిలికోసిస్ చట్టప్రకారం ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బు. చూసిన డాక్టరు రాసి పంపాలి. మా వైపు అది "టీబీ", "ఆస్తమా", "పొగ తాగుతాడు" అన్న మూడు పేర్లతో పోతోంది. పనిలో చేరిన కాగితం ఉండదు, మేస్త్రీ కింద పని. ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చిన కుర్రవాళ్ల సంగతి మరీ దారుణం. దగ్గు ముదిరితే రైలెక్కి ఊరికి పోతారు. వాళ్లు అక్కడ చనిపోతే ఇక్కడి లెక్కలో ఏమీ జరగనట్టే. గుజరాత్‌లో జరిగింది ఇదే. గోధ్రా ప్రాంతపు క్వార్ట్జ్ పొడి మిల్లుల్లో పనిచేసి, మధ్యప్రదేశ్‌లోని తమ ఆదివాసీ పల్లెలకు తిరిగొచ్చి చనిపోయిన 238 మంది కుటుంబాలకు తలా 3 లక్షలు ఇవ్వమని 2016లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ కేసు 2006లో వేసింది. పదేళ్లు.

మా పలకకు తోబుట్టువు లాంటి బలపం సంగతి కూడా ఒక మాట. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో పలక బలపాలు కోసే కార్మికులను 1980లలో అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ వాళ్లు పరీక్షిస్తే సగానికి పైగా మందికి సిలికోసిస్ ఉంది. నలభై ఏళ్ల కిందటి మాట. అంటే మన దేశంలో ఎవరికీ తెలియక ఆగింది కాదు ఇది.

యజమానుల వైపు మాట కూడా చెప్పాలి. చిన్న షెడ్డు నడిపేవాడు కోటీశ్వరుడేమీ కాదు. నేను చివరగా పనిచేసిన చోట యజమాని కూడా మాతోపాటే అదే గాలి పీల్చేవాడు, ఇప్పుడు ఇన్‌హేలర్ వాడుతున్నాడు. "నీళ్లు కొట్టి కోయమంటారు, నీళ్లేవి?" అని ఆయన అడిగితే నా దగ్గర జవాబు లేదు. వెలిగొండ నీళ్ల కోసం ఇన్నేళ్లుగా ఎదురుచూస్తున్న ప్రాంతం మాది, తాగడానికే ట్యాంకర్లు. కానీ కోతకు వాడిన నీళ్లను తొట్టెల్లో తేర్చి మళ్లీ వాడొచ్చు, పెద్ద ఫ్యాక్టరీల్లో అలాగే చేస్తున్నారు. చిన్నవాడికి ఆ తొట్టె కట్టుకోవడానికి సాయం కావాలి. జరిమానా ఒక్కటే చూపిస్తే షెడ్డు మూస్తాడు, లేదా ఊరి బయటికి మారుస్తాడు. రెండింట్లోనూ నష్టపోయేది మేమే. ఇంకో సంగతి, అన్ని రాళ్లూ ఒకటి కాదు. చీమకుర్తి నల్ల గెలాక్సీ గ్రానైట్‌లో క్వార్ట్జ్ చాలా తక్కువ. ఎర్ర రాయి, తెల్ల క్వార్ట్జ్, పలక రాయి అలా కాదు. కాబట్టి సిలికా మీద అంకె పెడితే పరిశ్రమ మొత్తం మూతపడుతుందన్న మాట నిజం కాదు. సిలికా ఉన్న చోటే ఖర్చు ఉంటుంది.

మేము కోరేవి ఇవి:

1. పాత సూత్రాన్ని కొత్త నియమాల్లోకి మక్కికి మక్కి ఎక్కించకండి. సన్నటి స్ఫటిక సిలికాకు ఘనపు మీటరుకు 0.05 మిల్లీగ్రాములు, ఎనిమిది గంటల సగటు, అని ఒకే అంకె రాయండి. భాగహారాలు అక్కర్లేని అంకె అయితే షెడ్డు గోడ మీద రాసుకోవచ్చు, మేస్త్రీకి అర్థమవుతుంది. 0.025 దాటిన చోట కొలత, ఆరోగ్య పరీక్ష తప్పనిసరి చేయండి. ఎనిమిది గంటలకు మించి పని చేయిస్తే ఆ మేరకు పరిమితి తగ్గాలి. పది గంటలైతే 0.04. కృత్రిమ క్వార్ట్జ్‌ను పొడిగా కోయడం వెంటనే నిషేధించండి.

2. గాలిని పనివాడి దగ్గర కొలవండి. నడుముకు చిన్న పంపు కట్టి, కాలర్ దగ్గర ఫిల్టర్ పెట్టి, షిఫ్టంతా తిరగనిచ్చి, ఆ ఫిల్టర్‌ను ల్యాబ్‌లో పరీక్షిస్తే తెలిసిపోతుంది. ఇదేమీ రాకెట్ శాస్త్రం కాదు. షెడ్డు గేటు దగ్గర మిషన్ పెట్టి కొలిచి, బాగుందని రాసుకుపోవద్దు. ముందు చెప్పి వచ్చి కొలిస్తే ఆ రోజు సగం మిషన్లు ఆగి ఉంటాయి, ఆ సంగతి మీకూ తెలుసు. ఇన్‌స్పెక్టర్ పేరు ఇప్పుడు ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్ అయిందట. ఏ పేరుతో వచ్చినా సరే, పంపు తీసుకుని రండి.

3. కొలిచిన అంకె తెలుగులో, హిందీలో, ఒడియాలో షెడ్డు బోర్డు మీద పెట్టించండి. తేదీ, మిషన్ పేరు, వచ్చిన అంకె, ఉండాల్సిన అంకె. అంతే చాలు.

4. చిన్న షెడ్లు, అపార్ట్‌మెంట్ పనులు. ఎనిమిది మంది ఉన్న చోట ఏటా గాలి కొలిపించాలంటే కుదరదని ఒప్పుకుంటాం. అమెరికా నిర్మాణ రంగానికి దీనికో దారి కనిపెట్టింది. ఏ పనిముట్టుకు ఏ పద్ధతి వాడాలో ఒక పట్టిక ఇచ్చింది. ఫలానా కట్టర్‌కు నీటి పైపు ఉండాలి, ఫలానా గ్రైండర్‌కు దుమ్ము లాగే తొడుగు ఉండాలి, ఇన్ని గంటలు దాటితే ఫలానా మాస్కు. పట్టిక ప్రకారం చేస్తే కొలత అక్కర్లేదు. మనకూ అలాంటి పట్టిక ఒకటి కావాలి. బొమ్మలతో ఉంటే ఇంకా మంచిది. మనుషులు ఎంతమంది అన్న లెక్కతో పని లేకుండా, రాయి కోసే ప్రతి చోటా, ఒక్కడే పనిచేస్తున్నా వర్తించేలా రాయండి. కంప్రెసర్‌తో ఒంటి మీద గాలి కొట్టుకోవడం, పొడి ఊడ్పు, రెండూ ఆ పట్టికలోనే నిషేధించండి. నీటి తొట్టెకు, దుమ్ము లాగే మిషన్‌కు చిన్న యజమానులకు సబ్సిడీ ఇవ్వండి.

5. రాతి పనిలో చేరిన రోజే ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష. వయసుతో సంబంధం లేదు. తర్వాత క్రమం తప్పకుండా మళ్లీ. ఫిల్ము కాపీ పనివాడి చేతికే ఇవ్వాలి, ఎందుకంటే మేస్త్రీ మారినా మనిషి మారడు. పని మానేశాక కూడా పరీక్షకు వచ్చే హక్కు ఉండాలి.

6. టీబీ విభాగంలో ప్రతి రోగి కార్డు మీద ఒక గడి పెట్టండి: "ఏం పని, ఎన్నేళ్లు?" దీనికి పైసా ఖర్చు లేదు. రాతి పని అని రాసిన ప్రతి కార్డూ సిలికోసిస్ చూడగల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఈ ఒక్క గడి ఉండి ఉంటే మా నాయనకు మూడో కోర్సు బదులు సరైన పేరు దొరికేది. బతికించలేకపోయినా, నన్ను అదే పనికి పంపేవాడు కాదు.

7. రాజస్థాన్ 2019లో సిలికోసిస్‌కు ప్రత్యేక విధానం తెచ్చింది. జబ్బు ధ్రువీకరించగానే 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి మరో 2 లక్షలు, పింఛను. యజమాని ఎవరో నిరూపించే భారం రోగి మీద వేయలేదు. మనకు అలాంటిది కావాలి. ఊరు వదిలి వెళ్లిపోయిన వలస కార్మికుడికి కూడా.

అంతర్జాతీయ కార్మిక సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 1995లో ఒక మాట అనుకున్నాయి, 2030 నాటికి సిలికోసిస్ లేకుండా చేయాలని. ఆ తేదీ దగ్గరికొచ్చేసింది. మీరు రాయబోయే అంకె ఎన్నేళ్లు అలాగే ఉండిపోతుందో పాత సూత్రాన్ని చూస్తే తెలుస్తోంది. అది 1987 నాటిది. ఈసారి తప్పు రాస్తే, ఇప్పుడు ఒకటో తరగతిలో ఉన్న పిల్లవాడు మిషన్ ఎక్కి దిగిపోయేదాకా అదే నడుస్తుంది.

ముసాయిదా నియమాలు తెలుగులో ప్రచురించి, మా అభ్యంతరాలు వినడానికి ఒంగోలులోనో మార్కాపురంలోనో ఒక రోజు కూర్చోమని కోరుతున్నాం. విజయవాడకు వచ్చి చెప్పుకోమంటే రెండు రోజుల కూలి పోతుంది, ఆయాసంతో బస్సు ఎక్కలేనివాళ్లు ఎలాగూ రాలేరు. ఈ లేఖకు జవాబు మెసేజ్ రూపంలో వద్దు. కాగితం మీద, సంతకంతో కావాలి. కాపీలు ఎన్ని కావాలన్నా నేనే తీస్తాను.

దుమ్ము కొలిచే పంపు మీరు తెస్తే, నడుముకు కట్టుకోవడానికి మనుషులను మేమిస్తాం. ఎనిమిది మంది ఇప్పటికే ఒప్పుకున్నారు. షిఫ్టు ఉదయం ఏడింటికి మొదలవుతుంది.

ఇట్లు,
మార్కాపురం ప్రాంతపు రాతి పని కుటుంబాల తరఫున
ఒక మాజీ కటింగ్ మిషన్ కార్మికుడు